మా బావ కుదువ గుంజ

మా బావ అంతయ్య మొట్టమొదట చెమటోడ్చి గెలిచింది ఒక తహసీల్దారు టోపీని. అది 1953. చెన్నూరు అవతల బావకు అరవై ఎకరాల పట్టా అడవి ఉంది. అందులో గొడ్డలి ఆడనియ్యడు, నాగలి దించనియ్యడు. లోపలికి ఎవరు పోయినా సరే, దారి మీద పాతిన గుంజకు ఒంటి మీది వస్తువొకటి కుదువ పెట్టాలి. తిరిగొచ్చి తీసుకోవాలి. అదీ ఆయన పిచ్చి.

దున్నని భూమి సర్కారుకు పోతుందని బెదిరించడానికి వచ్చాడు తహసీల్దారు.

“నాకు కూడా కుదువేనా?”

“మీకు టోపీ ఉన్నది గద సార్.”

ఎండ నెత్తికెక్కేదాకా ఇద్దరూ కదల్లేదు. చివరికి టోపీ గుంజకెక్కింది, బర్రెల కాపరి రుమాలు పక్కన. లోపల నిండు వేసవిలో పారుతున్న ఒర్రె నీళ్లు తాగి వచ్చి, టోపీ పెట్టుకుని, వచ్చిన పని మరిచి వెళ్లిపోయాడాయన.

ఆ తర్వాత ఆ గుంజకు వేలాడనిది లేదు. పెండ్లికొడుకు బాసింగం, ఏలియా పాస్టరు గొడుగు. సద్ది తెచ్చిన మా అక్క రామవ్వ నెత్తి మీది చుట్టబట్ట కూడా.

“కట్టుకున్నదాన్ని దొంగను జేస్తివి” అనేది అక్క.

“దొంగవైతే రెండు అడుగుదును” అనేవాడు బావ.

1961లో మంచిర్యాల నుంచి ఒక కలప సేటు దిగాడు. బొగ్గు బావులకు దిమ్మెలు కావాలట.

“చెట్లు ముసలివైనయి అంతయ్యా, అమ్మరాదు?”

“నేను గూడ ముసలోణ్ణే. నన్ను కొంటవా?”

సేటు నవ్వి, పట్టు కండువా గుంజకు తగిలించి, కొనకముందే గుర్తులు పెట్టడానికి సున్నం డబ్బాతో లోపలికి పోయాడు. మునిమాపైంది. కండువా అక్కడే ఉంది. బావ కాగడా ముట్టించాడు.

“పోనియ్యి బావా, పీడ వదిలింది” అన్నాను.

“కుదువ మనకాడ ఉంచుకొని, మనిషిని ఇయ్యకుంటే ఎట్ల బామ్మర్దీ?”

అప్పుడు వెలిగింది నాకు. గుంజ మీద వస్తువు మిగిలితే అడవిలో మనిషి మిగిలినట్టు. బావ రోజూ గుంజ చూసుకున్నాకనే బువ్వకు కూర్చునేది ఇందుకా!

సేటు ఒక పెద్ద మద్ది చెట్టు కొమ్మ మీద దొరికాడు.

“అడవిపంది పోయిందా అంతయ్యా?”

“పోయింది, దిగు. జర చూసుకో, నీ సున్నం గీత అంటుకుంటది. గిది నువ్వు కొట్టేద్దామన్న చెట్టే.”

సేటు దిగి, పట్టు కండువాతోనే ఆ గీత తుడిచాడు. మళ్లీ రాలేదు. నాలుగు ఊళ్ల బావులు ఈనాటికీ వేసవిలో ఎండలేదు. ఈ మాట నేను ఎక్కడైనా ఛాతీ విరిచి చెప్తాను.

తన తర్వాత కూడా అక్కడ గొడ్డలి ఆడకూడదనీ, కాపలా మా ఇంటిదేననీ రిజిస్ట్రీ చేయించడానికి బావ ఈ మధ్యనే ఆదిలాబాద్ పోయాడు. పోతూ పోతూ తన రుమాలు విప్పి గుంజకు కట్టాడు.

“రాకుంటే కాగడా పట్టుకొని రా బామ్మర్దీ.”

రుమాలు రోజూ దులుపుతున్నాను. బావ వస్తానని చెప్పిపోయింది 1968 ఫిబ్రవరి ఇరవై ఆరు, సోమవారం.