అరటిపండు కోసం వచ్చిన మంద

కిందటి వేసవిలో మా అత్తయ్య ఇండియా నుంచి అమెరికాలో ట్రాయ్‌లోని మా ఇంటికి వచ్చారు. ఓ శుక్రవారం ఊరవతల పొలాల పక్కన ఇద్దరం నడుస్తుంటే, కంచె లోపల ఆవు కనిపించింది.

"శుక్రవారం పూట గోమాత!" అంటూ, నేను వద్దనేలోపే ఆవిడ గేటు తీసి లోపలికి వెళ్లి, బ్యాగులోని అరటిపండు దానికి పెట్టి, తోక తాకి కళ్లకద్దుకున్నారు.

అంతే! దూరంగా మేస్తున్న మంద మొత్తం నేల అదిరేలా మావైపు పరుగెత్తుకొచ్చింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి!

"అత్తయ్యా, రన్!" అని అరిచి, ఆవిడ చెయ్యి పట్టుకుని బయటికి లాగి గేటు వేశాను. ఇద్దరం వగరుస్తూ గడ్డిలో కూలబడ్డాం.

కంచె మీదుగా తొంగిచూస్తున్న ఆవులన్నిటికీ ఆవిడ దణ్ణం పెట్టి, "పాపం, ఒక్కదానికే పెట్టాను. వచ్చే శుక్రవారం నాలుగు డజన్లు కొనమ్మా!" అన్నారు.

ఇప్పటికీ స్టోర్‌లో అరటిపళ్లు తీసుకుంటుంటే నా వెనకాల గిట్టల చప్పుడు వినిపిస్తుంది.