కుందేలు ఏడుపు నేర్చుకున్న మూడు రోజులు

నన్ను వేటకు తీసుకెళ్ళింది నా ధైర్యం చూసి కాదు, నా ఊపిరి చూసి. అరోరాలో మా ఇంటికి నాలుగిళ్ళ అవతల నర్సింహారెడ్డి అన్న ఉంటారు. ముప్పై ఏళ్ళ కిందట నల్గొండ నుంచి వచ్చి, నెబ్రాస్కాలో పశువుల డాక్టరుగా పనిచేసి, రిటైరయ్యాక మనవల కోసం ఇటు మారారు. ప్రతి చలికాలం అక్కడికి వెళ్ళి కయోటీలను వేటాడటం ఆయనకు అలవాటు. కయోటీ అంటే నక్కకంటే పెద్దది, తోడేలుకంటే చిన్నది. గొర్రెపిల్లలంటే దానికి ప్రాణం. దాన్ని వెతుక్కుంటూ వెళ్ళరు, పిలుస్తారు. చెక్క పీకను పళ్ళ మధ్య పెట్టుకుని, దెబ్బ తగిలిన కుందేలు ఏడ్చినట్టు ఊదితే, తేరగా తిండి దొరికిందనుకుని అదే వస్తుంది.

2009 జనవరిలో అన్నకు కట్టుడు పళ్ళు పెట్టారు. వాటితో పీక మీద పట్టు కుదరక, ఎంత ఊదినా గాలి తప్ప చప్పుడు రావడం లేదు. ఒకరోజు టీ తాగుతూ విసుగ్గా దాన్ని నా చేతిలో పెట్టారు. మా నాన్న చీరాల చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు సన్నాయి వాయించేవారు. ఇంటర్ దాకా నేనూ ఆయన పక్కన కూర్చుని ఊదినవాణ్ణే. తర్వాత ఇంజనీరింగు, ఆ తర్వాత ఈ దేశం, సన్నాయి అటకెక్కింది. పీక మాత్రం నా నోట్లో పెట్టగానే పలికింది.

"తమ్మీ, ఫిబ్రవరి లాస్ట్ వీక్ రెండు రోజులు లీవ్ పెట్టు," అన్నారు అన్న.

మా ఆవిడ సుజాత ఒకటే షరతు పెట్టింది. "తుపాకి ముట్టుకోనని మాటివ్వండి. పీకైతే ఎంతసేపైనా ఊదుకోండి, ఇంట్లో మాత్రం కాదు."

గురువారం ఉదయం అయిదున్నరకు అన్న పికప్‌లో బయలుదేరాం. తాళం వేసిన పెట్టెలో రైఫిల్, రెండు ఫ్లాస్కుల టీ, సుజాత కలిపిన పులిహోర. వెళ్ళదలచినవాళ్ళకు దారి చాలా సులువు: ఎనభై ఎనిమిదో నంబరు హైవే మీద మిసిసిపీ నది దాకా వెళ్ళి, ఎనభయ్యో నంబరు ఎక్కి, ఇక నిద్ర రాకుండా చూసుకోవడమే. అయోవా అంతా కోసేసిన మొక్కజొన్న చేలు, వాటి మీద మాసిన మంచు. పదకొండున్నరకు రెస్ట్ ఏరియాలో పులిహోర తిన్నాం. ఒమాహా దాటాక పెట్రోలు పోయించుకుంటుంటే పక్క పంపు దగ్గర ఒక ముసలాయన మా మచ్చల వేట బట్టలు చూసి పలకరించాడు.

"కయోటీలకా? ఏ మెషిను వాడతారు?"

అన్న జేబులోంచి పీక తీసి చూపించారు. ముసలాయన నవ్వాడు. "బటన్ నొక్కితే కుందేలు ఏడ్చే మెషిన్లుండగా ఇంకా నోటితోనా?"

"ఇది చేసిన మనిషి దగ్గర్నే నేను పిలుసుడు నేర్చుకున్న," అన్నారు అన్న పికప్ ఎక్కాక, తెలుగులో, నాతో. "ఆయన పోయి నాలుగేండ్లు. ఇప్పుడు పోయేది ఆయన భార్య ఇంటికే. రూత్. ఆమె కోసం మెషిన్ పట్కపోతనా?"

సాయంత్రం ఆరుకు నార్త్ ప్లాట్‌లో మోటెల్. రెండు మంచాలు, రాత్రంతా మూలిగే హీటరు, ఉదయం అయిదుకే వేడి కాఫీ. వేటగాళ్ళు ఎక్కువగా దిగే చోటు కాబట్టి బురద బూట్లతో లోపలికి వచ్చినా ఎవరూ ఏమీ అనరు.

శుక్రవారం ఆరున్నరకల్లా ఉత్తరాన ముప్పై మైళ్ళ దూరంలో ఉన్న రూత్ ఇంట్లో ఉన్నాం. డెబ్భై దాటిన మనిషి, నిటారుగా ఉంది. వంటింట్లో నిలబడే సంగతి చెప్పేసింది. తోక సగం తెగిన కయోటీ ఒకటి రెండేళ్ళుగా ఆమె గొర్రెల మంద మీద పడుతోంది. పోయిన ఏడు పుట్టిన పిల్లల్లో చాలావాటిని అదే ఎత్తుకుపోయింది. వచ్చేవారం ఈనడం మొదలవుతుంది. మంద మొత్తం కొంటానన్న మనిషి ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేస్తాడు.

"ఇంకో ఏడాది పొద్దున్నే లేచి పిల్లల కాళ్ళూ చెవులూ ఏరలేను, డాక్టర్," అంది. "ఆదివారానికి అది ఇంకా బతికి ఉంటే గొర్రెలు వెళ్ళిపోతాయి."

అన్న తల ఊపారు. ఆ గొర్రెల తల్లులకూ అమ్మమ్మలకూ ఆయనే పురుడు పోశారని దారిలో చెప్పారు. అప్పటిదాకా నాకిది సరదా ప్రయాణం. అక్కడి నుంచి పీక జేబులో బరువుగా అనిపించింది.

పద్ధతి ఇది. గాలి మన ముఖానికి కొట్టేలా దిబ్బ పక్కన కూర్చోవాలి. వెనక గడ్డి ఉండాలి. ఒక నిమిషం ఊది, మూడు నిమిషాలు ఆగి, అలా ఇరవై నిమిషాలు కదలకూడదు. ముక్కు దురద పెడితే పెట్టనివ్వాలి. ఏడుంబావుకు నేను ఊదడం మొదలుపెట్టాను. ఎదురుగా పసుపుపచ్చ గడ్డి దిబ్బలు, వాటి మీద లేత ఎండ. చాలా బాగుంది. నేనూ చాలా బాగా ఊదుతున్నానని అనిపించింది. పది నిమిషాలకు దిబ్బ మీద ఒక తల లేచింది. తర్వాత ఇంకోటి. చూస్తుండగా పాతిక ఆవులు వచ్చి, మా ముందు వరసగా నిలబడి, చెవులు ముందుకు పెట్టి విన్నాయి.

"ఏంది తమ్మీ గది?" అన్న గొంతు తగ్గించి గద్దించారు. "కుందేలు సస్తున్నదా, దాని పెండ్లి అయితున్నదా?"

నాకు తెలియకుండానే శ్రుతి పట్టుకుని ఊదుతున్నాను. కుందేలు ఏడుపు పైకి వెళ్ళిన చోట గమకం వేశాను. కిందికి దిగేటప్పుడు హంసధ్వనిలో దిగాను. స్వరం పగిలితే నాన్న నా వేలి కణుపుల మీద పుల్లతో కొట్టేవారు. పగలకుండా ఊదడమే నాకు తెలుసు. ఆ రోజు అయిదు చోట్ల కూర్చున్నాం. కయోటీ రాలేదు, ఆవులు మాత్రం మూడుసార్లు వచ్చాయి.

శనివారం ఇంకా అన్యాయం. తొమ్మిదింటికి దూరంగా గట్టు మీద అది నిజంగానే కనిపించింది. మొండి తోక బైనాక్యులర్స్‌లో స్పష్టంగా ఉంది. నేను ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఊదాను. అది వెనక కాళ్ళ మీద కూర్చుంది. తల పక్కకు వంచి రెండు నిమిషాలు విని, లేచి, తీరిగ్గా అటువైపు దిగిపోయింది. రైఫిల్‌కు అందే దూరం కాదు.

అన్న రైఫిల్‌ను పెట్టెలో పెట్టి తాళం వేశారు. పికప్‌లో శాండ్‌విచ్ తింటూ అన్నారు: "కోపం చెయ్యకు. నువ్వు వినేటోళ్ళ కోసం ఊదుతున్నవ్. సచ్చే కుందేలుకు ఎవ్వలు విన్నరు, ఎట్లున్నది అని ఫికర్ ఉంటదా?"

కోపం రాలేదు కానీ సిగ్గేసింది. పళ్ళుంటే ఆయన మొదటి రోజే పని ముగించేవారు. రూత్ ఆ సాయంత్రం మాకు సూప్ పోస్తూ ఏమైందని అడగలేదు. ఫోన్ పక్కన కాగితం మీద కొనేవాడి నంబరు రాసి ఉంది.

ఆదివారం గాలి మారింది, చలి కొరికేసింది. ఆరూ యాభైకి చివరి చోట కూర్చున్నాం. రెండు రోజుల ఊదుడుకు పెదవులు చిట్లి ఉన్నాయి. మొదటి ఊపిరికే నెత్తురు ఉప్పగా తగిలింది. పీక సరిగ్గా అందడం లేదు. స్వరం లేవబోయి విరిగింది, కీచుమంది, మళ్ళీ పట్టుకోబోతే ఊపిరి చాలక ఎక్కిళ్ళలా తెగింది. ఇంత అసహ్యంగా నా జన్మలో ఊదలేదు. నాన్న ఎక్కడున్నా చెవులు మూసుకుని ఉంటారు. ఆపేద్దామని అన్న వైపు చూశాను. ఆయన కళ్ళు ముందుకే ఉన్నాయి, ఎడమ చెయ్యి మాత్రం కొద్దిగా ఊగింది: కానివ్వు.

వాగు మలుపులోంచి అది పరుగెత్తుకుంటూ వచ్చింది. తిన్నగా నా మీదికే, చెవులు వెనక్కి పెట్టి, ఏ అనుమానమూ లేకుండా. అరవై గజాల దగ్గర అన్న నోటితో చిన్నగా "హుప్" అన్నారు. అది ఆగి చూసింది. రైఫిల్ పేలింది.

దగ్గరికి వెళ్ళి చూస్తే నేననుకున్నంత పెద్దది కాదు. మొండి తోక మీద మంచు తుంపరలు. పని అయిందన్న సంతోషమూ వేసింది, నన్ను నమ్మి వచ్చిందన్న బాధా వేసింది. రెండూ నిజమే. అన్న టోపీ తీసి కాసేపు నిలబడి, "రెండేండ్లు మస్తు తెలివి చూపిచ్చినవ్ బిడ్డా," అని దానితోనే అన్నారు.

రూత్ ఆ తోకను చూసింది, మా ఇద్దర్నీ చూసింది. లోపలికి వెళ్ళి, మధ్యాహ్నం దాకా ఆగకుండా తనే ఫోన్ చేసింది. "గొర్రెలు అమ్మడం లేదు," అనడం కిటికీలోంచి వినిపించింది. తొమ్మిదికి బయలుదేరాం.

తిరుగు దారి అదే, అవే చేలు. ఈ ప్రయాణం చెయ్యదలచినవాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే: పెదవులకు వెన్న తీసుకెళ్ళండి, ఆవులతో ఓపిక పట్టండి, మీకు బాగా వచ్చిన విద్యను మాత్రం ఇంట్లో వదిలి వెళ్ళండి. మూడు రోజుల్లో నేను నేర్చుకున్నది బాగా ఊదడం కాదు, బాగా ఊదాలన్న యావ లేకుండా ఊదడం. అది నాకు ఇంకా కష్టంగానే ఉంది.

సాయంత్రం నాలుగున్నరకు అయోవా రెస్ట్ ఏరియాలో టీ తాగుతుంటే అన్న ఫోన్ మోగింది. ఏళ్ళ తరబడి తుపాకి చప్పుళ్ళకు ఆయన చెవులు దెబ్బతిన్నాయి, ఫోన్‌లో సన్నటి మాట వినిపించదు. ఎప్పటిలా నా చేతికిచ్చారు. రూత్.

"తొందరపడి ఒక గొర్రె ఈనేసింది. కవలలు," అంది. "డాక్టర్‌కి వినిపించు." ఫోన్ దేనికో దగ్గరగా పెట్టింది.

అప్పుడే పుట్టిన పిల్ల చిన్న అరుపు. "ఒక గొర్రె ఈనిందట అన్నా, కవలలట," అని గట్టిగా చెప్పి, స్పీకర్ పెంచి ఆయన చెవి దగ్గర పెట్టాను. ఆయన నుదురు ముడిచి, తల అడ్డంగా ఊపారు. "ఏం వినస్తలేదు తమ్మీ. ఎట్లున్నది?"

ఎట్లా ఉందని చెప్పను! లేచి, విరిగి, ఊపిరి చాలక ఎక్కిళ్ళలా తెగుతోంది. అందులో శ్రుతి లేదు. ఎవరైనా వింటున్నారా అన్న ఫికరూ లేదు. జేబులోంచి పీక తీసి, చిట్లిన పెదవుల మధ్య పెట్టుకుని, విన్నది విన్నట్టు ఆయన చెవి పక్కన ఊదాను.

అన్న కళ్ళు మూసుకున్నారు.

"ఇంకొకటి కూడ ఉన్నదంటివి గద," అన్నారు. "దాన్ని గూడ ఊదు."