కొంచెం ఒళ్లునొప్పులు

ఎనిమిదేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. చేపముల్లయితే అన్నం ముద్దతో దిగిపోయేది. ఇది దిగదు. నువ్వెవరివో నాకు తెలియదు, నేనెవరో నీకు తెలియదు. నా ధైర్యమల్లా అదే. తిట్టాలనిపిస్తే తిట్టుకో, మధ్యలో మాత్రం లేచిపోకు.

మాది రాయపూర్‌లో రైల్వే కాలనీ వెనక వీధి. శ్రీకాకుళం వైపు నుంచి మా మామగారు రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. నేను ఈ ఊళ్లోనే పుట్టాను, హిందీ బడిలోనే చదివాను. తెలుగు రాయడం మా నాన్న పట్టుబట్టి నేర్పించాడు. నా తోటికోడలి సంగతి వేరు. ఆమె పేరు రాయను, పార్వతి అనుకో. పల్లెటూరి బడిలో అయిదో తరగతి దాకా తెలుగు చదివింది. పెళ్లి కాగానే రైలెక్కి ఈ హిందీ ఊళ్లో దిగింది. ఇంట్లో మేం తొమ్మిదిమందిమి. వంటగదిలో ఇద్దరం.

పెళ్లయిన నాలుగో ఏడు పార్వతికి ఒళ్లు నొప్పులు మొదలయ్యాయి. ఇవాళ మెడ, రేపు మోకాళ్లు, ఎల్లుండి అన్నీ. పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లే పని నా మీద పడింది, హిందీ వచ్చినదాన్ని గనక. మగవాళ్లు డ్యూటీలకి పోయేవాళ్లు. పొద్దున్నే ఆటో ఎక్కి, చీటీ రాయించుకుని, వరసలో గంటలకొద్దీ నిలబడి లోపలికి వెళ్లాం. డాక్టరు హిందీలో అడిగాడు. పార్వతి నా మొహం చూసింది. అర్థం చెప్పాను. ఆమె తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. చాలాసేపు చెప్పింది. చేతులు చూపించి, కళ్లనీళ్లు పెట్టుకుని, ఆగి, మళ్లీ చెప్పింది. డాక్టరు కలం పట్టుకుని నా వైపు చూస్తున్నాడు.

నేనన్నాను, "థోడా బదన్ దర్ద్ హై, డాక్టర్ సాబ్."

కొంచెం ఒళ్లునొప్పులు. అంతే. ఆయన నాలుగు మాత్రలు రాసి పంపేశాడు.

ఎందుకలా అన్నాను? మొదటిసారి తొందరే అనుకుందాం. వెనక జనం తోసుకుంటున్నారు, ఇంటికెళ్లి వంట చెయ్యాలి, అంత పెద్ద గోడు నా బడి హిందీలోకి ఎక్కదు. సరే. మరి రెండోసారి? మూడోసారి? రెండు నెలలకోసారి చొప్పున మూడేళ్లు వెళ్లాం. నిద్రపోయి లేచినా నిద్రపోనట్టే ఉంటోందని ఆమె చెబితే, నిద్ర బాగానే పడుతోందని నేను చెప్పాను. గరిటె చేతిలోంచి జారిపోతోందంటే ఆ మాటే మింగేశాను. అది తొందర కాదు. నాకు తెలుసు కాదని. ఆరామ్ చెయ్యాలని డాక్టరు ఒక్క ముక్క రాశాడా, తొమ్మిదిమంది వంటా నా నెత్తి మీదే. నేను కాపురానికి వచ్చినప్పుడు నాకెవరిచ్చారు ఆరాము? పచ్చి బాలింతగా ఉండి పప్పు రుబ్బాను. నేను పడ్డదాంట్లో పావలా వంతయినా ఈమె పడొద్దా? ఇలా అనుకున్నాను. ఇంత నీచంగా, ఇంత తేటగా అనుకున్నాను.

పరీక్షలన్నీ మామూలుగానే వచ్చేవి. "రిపోర్టు నార్మలంట. రోగం కాదు, రొష్టూ కాదు, ఒట్టి బద్దకం" అని మా అత్తగారు తేల్చేసింది. పార్వతి గోడ పట్టుకుని నడుస్తూనే తొమ్మిదిమందికీ వడ్డించేది. నేను చూస్తూ ఉండేదాన్ని.

మూడేళ్లకి అక్కడికి ఒక లేడీ డాక్టరు వచ్చింది. ఆవిడ నన్ను అడగలేదు. లేచి వచ్చి పార్వతి భుజాల మీదా, మోచేతుల దగ్గరా, మోకాళ్ల లోపలి వైపూ బొటనవేలితో మెల్లగా నొక్కింది. నొక్కినచోటల్లా పార్వతి విలవిల్లాడింది. దానికి హిందీ అక్కర్లేకపోయింది. ఫైబ్రోమయాల్జియా అంది డాక్టరమ్మ. పరీక్షల్లో కనబడదు గానీ నొప్పి నిజమేనంది. తర్వాత నా వైపు తిరిగి, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగింది.

"ఇస్‌నే కభీ బతాయా హీ నహీఁ, మేడం" అన్నాను. ఈమె ఎప్పుడూ చెప్పనే లేదు మేడం, అని.

పక్కనే కూర్చున్న పార్వతి, నేనేదో తన తరఫున మాట్లాడుతున్నాననుకుని, అవునన్నట్టు తలూపింది. ఆ తలూపడం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

మందులతోపాటు డాక్టరమ్మ ఫోన్లో ఒక శిక్షణ పెట్టించింది. ఎనిమిది వారాలు, రోజుకి అరగంట. నొప్పి చుట్టూ భయం, కోపం, దిగులు చేరి దాన్ని పెంచుతాయట. వాటిని గుర్తుపట్టడం, పేరు పెట్టడం, ఊపిరి మీద ధ్యాస నిలిపి వాటిని పోనివ్వడం ఫోను నేర్పుతుందట. ఫోనుతో నొప్పి పోతుందా, అమ్మా తల్లీ, అని నేను లోపల నవ్వుకున్నాను. కాకపోతే అదంతా హిందీలో ఉంది. చదివి చెప్పు దీదీ, అని డాక్టరమ్మ మళ్లీ నాకే అప్పజెప్పింది.

మధ్యాహ్నం గిన్నెలయ్యాక మేడ మీద నీళ్ల టాంకు నీడలో కూర్చునేవాళ్లం. మొదటి రోజు ఫోను, నొప్పి ఎంతుంది, పదికి అంకె నొక్కమంది. పార్వతి తొమ్మిదంది. నా వేలు అలవాటుగా అయిదు మీదికి పోయింది.

"అక్కా, అది అయిదు కదేటి? నాను తొమ్మిదన్నాను."

అంకెలు ఆమెకీ తెలుసు! ఆ సంగతే నాకు తట్టలేదు. వేలు జారిందే, అని దిద్దాను. చెవులదాకా వేడెక్కిపోయింది. ఆ రోజు నుంచి మాటలు తగ్గించడానికి భయమేసింది. మూడేళ్లలో మొదటిసారి ఆమె చెప్పింది చెప్పినట్టు హిందీలోకి ఎక్కించడం మొదలుపెట్టాను. ఎక్కించాలంటే వినాలి కదా. అలా విన్నాను.

ఎంత విన్నానని! ఫోను ఒక్క దర్ద్ అని అడిగితే ఆమె దగ్గర ఎన్ని నొప్పులున్నాయో. చలి నొప్పి వేరు, ఎవరైనా అరిస్తే మెడలోకి ఎక్కే నొప్పి వేరు, పుట్టింటి ఫోను వచ్చి పెట్టేశాక వచ్చేది వేరు. రాళ్లూ బియ్యమూ ఏరినట్టు, ఏది నొప్పి, ఏది దిగులు అని ఏరి పక్కన పెట్టేది. అయిదో తరగతి చదివిన మనిషి! ఒకరోజు కింద నుంచి అత్తగారు కేకేసింది. పార్వతి మెడ బిగుసుకోవడం నేను చూశాను. మామూలుగా అయితే ఇక సాయంత్రం దాకా లేవదు. ఆమె కళ్లు మూసుకుని, గుండె మీద చెయ్యి వేసుకుని, మెల్లగా ఊపిరి వదిలింది.

"ఇది నొప్పి కాదక్కా, బయ్యం. బయ్యమైతే ఎలిపోద్ది. నొప్పి ఉంటాది, ఉండనీ" అని, లేచి మెట్లు దిగి వెళ్లింది.

నాకు ఒళ్లు గగుర్పొడిచింది. దేవుడి గదిలో కూడా నాకు అలా ఎప్పుడూ కాలేదు. నొప్పి అలాగే ఉంది, అత్తగారూ అలాగే ఉంది, మధ్యలోంచి ఈ మనిషి నడిచి వెళ్తోంది. అంతవరకూ ఇంట్లో పార్వతిని 'అది' అనేదాన్ని. ఆ తర్వాత నా నోటికి ఆ మాట రాలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. మూడో వారం ఫోను మనసులో పుట్టే వాటి జాబితా ఇచ్చింది. భయం, కోపం, సిగ్గు, దిగులు, అన్నీ చదివి తెలుగులో చెప్పాను. ఈర్ష్య అని ఒకటుంది. దాన్ని దాటేశాను. అది పార్వతికి అక్కర్లేనిది, నాది.

చివరి వారం వచ్చింది. ఆ రోజు ఫోను అడిగింది నేను చదివాను. "నీ నొప్పిని నమ్మిన మనిషిని ఒకర్ని తలుచుకోమంటోంది. వాళ్లకి ఏం చెప్పాలనుందో చెప్పమంటోంది."

"ఇంకెవులున్నారక్కా, నువ్వే కదా."

"నేనా?"

"మీ మరిది నమ్మనేదు, అత్త నమ్మనేదు. నానేటి సెప్పినా పొల్లు పోకుండా డాట్రుకి సెప్పీదానివి నువ్వొక్కర్తివే. మందు పన్జెయ్యకపోతే నీ తప్పేటుంది? రాయక్కా, మా అక్క నేకపోతే నాను సచ్చిపోదును అని రాయి."

రాశాను. తలొంచుకుని, ఒక్క అక్షరం తగ్గించకుండా హిందీలో రాసి, పంపించే బొత్తాం నొక్కాను. ఫోను తెర మీద పచ్చటి గుర్తు వచ్చింది. బాగా చేశారు, అంది.

అక్కడే చెప్పి ఉండాల్సింది. చెబితే ఆమె నొప్పి తిరగబెడుతుందని నన్ను నేను నమ్మించుకున్నాను. అబద్ధం. ఆమె నన్ను చూసే ఆ చూపు పోతుందని నా భయం. దానికి పేరు పెట్టడం ఆమె పక్కన కూర్చునే నేర్చుకున్నాను. పెట్టానే గానీ వదిలించుకోలేదు.

పార్వతికి నొప్పి ఇప్పటికీ ఉంది. కొన్ని రోజులు మంచం దిగదు. దిగిన రోజు ఒక్కతే ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్లి, తన వచ్చీరాని హిందీలో తనే చెప్పుకుంటుంది. ఎంతసేపైనా చెబుతుంది. డాక్టరమ్మ ఆగి వింటుందట. కొత్తగా వచ్చిన ఆడవాళ్ల పక్కన కూర్చుని, మా దీదీ లాంటి మనిషిని వెంట తెచ్చుకోండని కూడా చెబుతుందట. ఇంటికొచ్చి అది నాకు చెప్పి నవ్వుతుంది. నేను చారు కలుపుతూ ఉంటాను.

మొదటి రోజు ఆమె డాక్టరుకి చెప్పమన్నది ఇది. నాకు ప్రతి ముక్కా గుర్తుంది. "ఒల్లంతా పచ్చిపుండు నాగుంది. సీర అంచు తగిలినా ఓర్సుకోనేకపోతన్నాను. నా పిల్లని ఎత్తుకుంటే సేతులు మండిపోతన్నాయి, దిగీమని దానికి సెప్పనేను. రాత్రి పడుకుని లేస్తే ఎవులో కర్రల్తో కొట్టినట్టుంటాది. నాను సోమరిదాన్ని కానండి. పని సేస్తాను. ఇదేటో మీరైనా సూడండి బాబూ."

దీన్ని నేను కొంచెం ఒళ్లునొప్పులు అన్నాను. మూడేళ్లు.

మా అత్తామామలకి చదువే రాదు, ఈ ఊళ్లో పుట్టిన మగవాళ్లకీ పిల్లలకీ తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. నువ్వెవరివో తెలియదన్నాను గానీ, ఈ ఇంట్లో ఇది చదవగలిగింది నేను కాక ఇంకొక్క మనిషే. హిందీలో రాద్దామని మొదలుపెట్టి, రెండు వాక్యాలు రాసి చింపేశాను. తెలుగులో రాసిన ఈ కాగితాలకి మధ్యలో అర్థం చెప్పేవాళ్లు అక్కర్లేదు.