సాంబ్రాణి పుట్టిన ఊళ్ళో

డెబ్బైల చివర్లో నేను అరబ్బు దేశంలో, సలాలా అనే ఊళ్ళో నర్సును. టీకాల డ్యూటీ మీద మిర్బాత్ అనే చిన్న ఊరికి వెళ్ళమంటే మొహం మాడ్చుకున్నాను. రెండు గంటలు జీపులో దుమ్ము తిని వెళ్తే అక్కడ నాలుగు మొండిగోడలు తప్ప ఏముంటాయని నా ధీమా.

దిగాక ఆ ధీమా ఎగిరిపోయింది. సముద్రం ఒడ్డునే పాతకాలం వర్తకుల మేడలు. సగం కూలినవి కూడా చెక్కడపు కిటికీలతో దర్జాగా నిలబడి ఉన్నాయి. వీధుల్లో అలికిడి లేదు. ఒకప్పుడు సాంబ్రాణిని ఓడలకెక్కించి దేశదేశాలకు పంపింది ఇక్కడి నుంచేనని డ్రైవర్ చెప్పాడు. అతనిది కరీంనగర్ వైపు. చిన్నప్పుడు మా చర్చిలో క్రిస్మస్ నాటకంలో కానుకలు తెచ్చే జ్ఞాని వేషానికి దూది గడ్డం అతికించుకుని, సుద్దముక్కతో 'సాంబ్రాణి' అని రాసిన అట్టపెట్టె మోసినదాన్ని నేను. అది నిజంగా ఒక ఊరి సరుకని ఆ రోజు వరకూ తట్టనే లేదు. కాసేపు పని మర్చిపోయి ఆ కిటికీలకేసి చూస్తూ నిలబడ్డాను.

సాయంత్రానికి ఒక్క ఇల్లు మిగిలింది. పక్కవీధి పిల్లలకు అప్పటికే కోరింతదగ్గు. ఈ ఇంట్లో ఆరునెలల పసివాడున్నాడు. సూది వేస్తే జ్వరమొస్తుందని వాడి నాయనమ్మ ఇదివరకు ఇద్దరు నర్సులను వెనక్కి పంపేసిందట. ఆడవాళ్ళ గది కాబట్టి డ్రైవర్ బయటే ఆగిపోయాడు. నాకొచ్చిన అరబ్బీ పది మాటలు. 'ఇబ్రా' అని సూది చూపించాను. ఆమె తల అడ్డంగా ఊపి కాఫీ పోసింది, ఖర్జూరాలు పెట్టింది. కాసేపటికి మట్టిపాత్రలో నిప్పులు తెచ్చి, సాంబ్రాణి వేసి, నా ముందు పెట్టి నిలబడింది.

ఎంత మర్యాదో అనుకుని ఇంకా కుదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ఆ వాసనకు మా అమ్మ గుర్తొచ్చింది. చేతులు ఊరుకోలేదు. పసివాణ్ణి తీసుకుని, అమ్మ మా తమ్ముడికి నీళ్ళు పోశాక చేసినట్టే, పొగకు ఎడంగా వెల్లకిలా పట్టుకుని మాడుకీ వీపుకీ పొగ పట్టించాను. వాడు ఏడవలేదు. ముసలమ్మ చాలాసేపు నన్నే చూసింది. తర్వాత దగ్గరకొచ్చి, నా చేతులు పట్టుకుని వాణ్ణి ఇంకాస్త పైకి ఎత్తించింది. పొగ తగ్గాక నా పక్కనే కూర్చుని, వాడి తొడ మీది గుడ్డ తనే జరిపింది. సూది వేశాను.

తిరుగు దారిలో ఆమె మర్యాద గురించి గొప్పగా చెప్తుంటే డ్రైవర్ ఆపకుండా నవ్వాడు.

"అక్కా, పొగ వెట్టిన్రంటే ఇగ లేసి పొమ్మన్నట్టు. ఈడ ఎవలింట్లయినా గదే రివాజు. ఆమె నిన్ను ఎల్లగొట్టింది."

సిగ్గుతో చచ్చిపోయాను. నాకంటే ముందొచ్చిన ఇద్దరు నర్సులూ రివాజు తెలిసినవాళ్ళు. పొగ చూడగానే లేచి వచ్చేసి ఉంటారు. నా మందబుద్ధికి విసుగొస్తే మా నాన్న నన్ను "ఒట్టి సాంబ్రాణివే" అని తిట్టేవాడు. ఆ రోజు నేను సాంబ్రాణినే అయినందుకు జీపులోనే దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను.