ఫోన్ ఎత్తితే ఆగిపోయే చదువు

ఇదొక మహాసంగ్రామ గాథ. రథాలు విరిగాయి, కోటలు కూలాయి అని మొదలుపెట్టాలని ఉంది గానీ, విరిగింది ఒక ప్లాస్టిక్ కుర్చీ. అదీ నేను కూర్చున్నందుకు.

కరోనా తర్వాత బడులు తెరిచిన ఏడాది, గవర్నర్‌పేటలోని ఒక స్వచ్ఛంద సంస్థ నన్ను మానిటరింగ్ ఆఫీసరుగా పామర్రుకు వేసింది. ముప్పై నాలుగేళ్ల వయసుకే ఆ కొలువు నుంచి రిటైరయ్యాను. పింఛను లేదు, నడుంనొప్పి ఉంది. కూలిపనులకు వెళ్లేవాళ్ల పిల్లలకు బడి వదిలాక చదువు చెప్పే కేంద్రం అది. నడిపేది నాగమణి గారు. చదువు జరుగుతోందని నిధులిచ్చే కంపెనీకి రుజువు పంపడం నా పని. రుజువంటే జియోట్యాగ్ ఫొటో, అంటే ఎక్కడ, ఎప్పుడు తీశామో తనే చెప్పేసే ఫొటో. అందులో ప్రతి పిల్ల ముఖమూ కనబడాలి, ప్రతి చేతిలో పుస్తకం తెరిచి ఉండాలి. మసకగా ఉంటే కంపెనీ తిప్పి పంపేది. రోజూ పాఠంలో సగం సేపు ఫొటోకే పోయేది.

ఒక సాయంత్రం ఆ కంపెనీ నుంచి మేనేజరు గారు తనిఖీకి వచ్చారు. పిల్లలకు చదవడం రాకపోతే కేంద్రం మూసేస్తామని ముందే కబురు పంపారు. మూడో తరగతి దుర్గ లేచి గడగడా చదవడం మొదలుపెట్టింది. నాగమణి గారు ఊపిరి పీల్చుకున్నారు. అంతలో ఆయన ఫోన్ మోగింది. కళ్లజోడు లేక, ఎవరో చూద్దామని చేయి చాచి పైకెత్తారు.

దుర్గ టక్కున ఆగి, కూర్చుని, పుస్తకం గుండెల దగ్గర తెరిచి పట్టుకుని నవ్వింది. హాలంతా అలాగే నవ్వింది. ఎవరూ కదల్లేదు.

"ఏమ్మా, ఆగిపోయావే?"

"ఫొటో అయ్యాక చదువుతానండి. కదిలితే మసగ్గా వస్తదండి, మళ్లీ తియ్యాలి."

ఆయన నావైపు తిరిగారు. "ఇది మీరు నేర్పారా?"

"ఆయనేం నేర్పుతారండీ, కుర్చీలో కూర్చోడమే రాదు," అన్నారు నాగమణి గారు. "మీ రూలే నేర్పింది. రోజూ తీస్తే ఎవరికైనా వస్తది."

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నారు. దుర్గ పాఠం చివరిదాకా చదివింది. కేంద్రం మూతపడలేదు. కొన్నాళ్లకు, ఫొటో వారానికొకసారి చాలని ఉత్తర్వు వచ్చింది.

లెక్క అడగడం తప్పు కాదు. అది చెప్పడానికి పట్టే సమయం ఎవరి పాఠంలోంచి పోతోందో కూడా అడగాలి. నేను నేర్చుకున్నది అంతే.

ఇక ఆ వారం వారం ఫొటో సంగతి. హాలు కిటికీలు పడమర వైపున్నాయి. నా తర్వాత తీసేవాళ్లు కిటికీకి వీపు పెట్టి నిలబడాలి, లేకపోతే సాయంత్రపు ఎదురెండకు ముఖాలు నల్లగా వచ్చి మళ్లీ తియ్యాలి.