నట్టుబాబు రాసిన రెండు కాగితాలు

ఆ ఆదివారం భావనపాడులో, చీటీ నడిపే అప్పలమ్మ వరండాలో ఉన్నవి: ఇరవై మంది సభ్యులు, ఒక స్టీలు చెంబు, నా పాత లాబ్ రికార్డులోంచి చింపిన కాగితం ముక్కలు, ఒక బాల్‌పెన్ను. పెన్ను నాది. దాంతో చేసిన పనిని తొమ్మిదేళ్లుగా మోస్తున్నాను. మీకు చెబుతున్నాను. జాలి పడకండి, దానికోసం రాయడం లేదు.

నెలకు వెయ్యి, ఇరవై నెలలు. అలా నెలనెలా పోగయ్యే ఇరవై వేలలో ఎంత వదులుకుంటారో రాసి చెంబులో వేయాలి. ఎక్కువ వదిలినవాళ్లదే ఆ నెల డబ్బు. సగం మందికి రాయడం రాదు. మెకానికల్ డిప్లమో చేసి ఉద్యోగం లేక తిరుగుతున్న నేనే వాళ్లకు రాసిపెట్టేవాణ్ణి. ఒకరి అంకె ఇంకొకరికి చెప్పకూడదు. నియమం అదొక్కటే.

గురయ్య మా అక్క మొగుడు. అంతకు ముందు ఏడాది అతని పడవ ఇంజను విప్పి బిగించాను. ఒక నట్టు మిగిలిపోయింది. ఇంజను బాగానే నడిచింది. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. నట్టు సంగతి మాత్రం రేవులో చెప్పాడు, పెళ్లిళ్లలో చెప్పాడు, మా నాన్న దినకార్యం నాడు భోజనాల బంతిలో కూడా చెప్పాడు. అందరూ నవ్వారు. నా పేరు నట్టుబాబు అయిపోయింది.

తర్వాత, మంచి వేట సాగే నెలలో, ఆ ఇంజను క్రాంకు విరిగింది. నట్టుకూ దానికీ సంబంధం లేదు, నేను వెళ్లి చూశాను. టెక్కలి మెకానిక్కు పదహారు వేల ఐదు వందలు అడిగాడు. అంటే చీటీలో గురయ్య వదలగలిగింది మూడు వేల ఐదు వందలు. అంతకు మించి ఒక్క రూపాయి వదిలినా పడవ కదలదు.

"రాయరా నట్టుబాబూ, మూడేల ఐదొందలు" అన్నాడు నా చెవిలో. "ఎవుడికీ సెప్పకు. సున్నాలైనా సరిగ్గా ఎయ్యి. అవీ మిగిలిపోతాయేటి?"

సరిగ్గానే రాశాను.

తర్వాత ఎండు చేపలమ్మే దాలమ్మ వచ్చింది. ఆమెకు కలర్ టీవీ కావాలి.

"మూడేలు సాలదేటి నాయనా?"

"సాలదు పిన్నీ. మూడేల ఐదొందల యాభై ఎయ్యి."

"అమ్మో, అంతేటి!"

"టీవీ కావాలా, వద్దా?"

"సర్లే, రాసెయ్యి."

అప్పలమ్మ కాగితాలన్నీ విప్పి దాలమ్మ పేరు చదివింది. గురయ్య చాలాసేపు నేలవైపే చూశాడు. "పోయిందిరా బామ్మర్దీ" అన్నాడు. ఆ ఒక్కసారి నట్టుబాబు అనలేదు.

వచ్చే నెల దాకా ఆగలేక చేపల షావుకారు దగ్గర నూటికి ఐదు వడ్డీకి తెచ్చాడు. పడ్డ చేపంతా షావుకారు చెప్పిన ధరకే ఇవ్వాలని షరతు. రెండేళ్లలో పడవ కూడా షావుకారుదే అయింది. గురయ్య గుజరాత్‌లో పరాయి పడవల మీద కూలికి పోయాడు. మా అక్క పలాసలో జీడిపిక్కలు కొడుతోంది. పిక్కల తొక్కలోంచి కారే నూనెకు ఆమె వేళ్లు నల్లబడ్డాయి. ఎప్పుడైనా నా దగ్గర రెండు వందలు చేబదులు తీసుకుని, నువ్వున్నావు కాబట్టి సరిపోయిందిరా అంటుంది. అలా అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఎవరి మీద? ఆమె మీదా? ఈ మాట కూడా రాసేస్తున్నాను: ఆమె మీదే.

అప్పుడు అక్క గుర్తొచ్చిందా? వచ్చింది. పెన్ను ఎత్తినప్పుడే వచ్చింది. పడవ పోతే పస్తులుండేది అతనొక్కడే కాదని లెక్కలు తెలిసిన నాకు తెలియదా? తెలుసు. ఆ బంతిలో నవ్విన వాళ్లందరి ముందూ వాడు ఒక్కసారి తల దించాలనుకున్నాను, దించాడు, అది చూసి సంతోషించాను, ఆ సంతోషం ఇంటికి చేరేదాకా కూడా నిలవలేదు.

గురయ్య అంటే నాకు ఇప్పటికీ పడదు. క్షమించమని అతన్ని అడగను. మిమ్మల్నీ అడగను. చెప్పాను, ఛాతీ కొంచెం తేలికైంది, అంతే.

రెండు కాగితాలకూ తేడా యాభై రూపాయలు.