చెల్లెమ్మా అని పిలిచే తమ్ముడు

అది మొదలైంది 1983 మే 15, ఆదివారం, మధ్యాహ్నం రెండున్నర ఆటకి. అంత కచ్చితంగా ఎలా గుర్తుందని అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, తేదీ లేని జ్ఞాపకాన్ని నేను నమ్మను. ఇన్నేళ్ళుగా ఎత్తని ఊసు ఇప్పుడెందుకు ఎత్తానంటే, మొన్న శనివారం మా తమ్ముడు ఫోన్ చేశాడు. నాకు అరవై నాలుగు, వాడికి అరవై ఒకటి. "టీవీ పెట్టు చెల్లెమ్మా, మన సినిమా వస్తోంది!" అన్నాడు. అక్కని పట్టుకుని చెల్లెమ్మా అంటాడేంటని మీకు అనుమానం రావచ్చు. చుట్టాలంతా అది ముద్దు అనుకుంటారు.

చాట్రాయి వెళ్ళే దారిలో మాకు మామిడితోట ఉండేది. కోసిన కాయని చెట్ల నీడన రాశిపోసి, లెక్కపెట్టి, బండికెత్తేవాళ్ళు. కూలీ ఐదేసి కాయలు గంపలో వేస్తుంటే, పక్కన కూర్చున్న మనిషి పైకి లెక్క చెప్పాలి. ఒకటి అనకూడదు, లాభం అనాలి. లాభం, రెండు, మూడు అంటూ ఇరవై దాకా వస్తే వంద కాయలు. గుర్తుకి ఒక కాయ పక్కన పెట్టి మళ్ళీ లాభం దగ్గర మొదలు. రాశి పూర్తయ్యేదాకా లెక్క చెప్పే మనిషి ఇంకో మాట మాట్లాడకూడదు. దగ్గు వస్తే దగ్గొచ్చు. మాట వచ్చిందంటే రాశి మొత్తం తిరగబోసి మొదటి నుంచి లెక్కపెట్టాల్సిందే, పైగా ఆ ఏడు తోటకి కలిసిరాదని నమ్మకం. అంతకుముందు ఈ పని మా పెదనాన్న చేసేవాడు. దారినపోయేవాళ్ళు పలకరిస్తే బదులు చెప్పకుండా ఉండటం ఆయనకి చేతకాలేదు. అందుకని నా పన్నెండో ఏట నాకు అప్పగించారు. గుర్తుకాయలు పేర్చే పని తమ్ముడిది. పదేళ్ళు వాడు నా పక్కనే కూర్చున్నాడు.

ఎనభై మూడులోనే మైలవరం వైపు మామిడి రసం తీసే ఫ్యాక్టరీ ఒకటి కొత్తగా వచ్చింది. దాని సూపర్‌వైజరు ఏప్రిల్‌లో మా తోటకి వచ్చి, నా లెక్క విని, నమ్మకం కుదరక తన మనిషితో మళ్ళీ లెక్కపెట్టించాడు. ఒక్క కాయ తేడా రాలేదు. "మీ అమ్మాయిని మా దగ్గరికి పంపండి బాబాయ్ గారూ. కాయ దిగే చోట కుర్చీ వేసి కూర్చోబెడతాం," అన్నాడు నాన్నతో. నేను ప్రైవేటుగా బీకాం కట్టి పాసై, ఇంట్లో ఖాళీగా ఉన్నాను. "మా కోత అయిపోనివ్వండి, చూద్దాం," అన్నాడు నాన్న. మా ఇంట్లో నాన్న చూద్దాం అన్నాడంటే సగం ఒప్పుకున్నట్టే. మిగతా సగం నన్ను రోజూ బస్సు దగ్గరికి ఎవరు దింపుతారన్నది. దానికి తమ్ముడే ముందుకొచ్చి, "సైకిలు మీద నేను దింపుతాగా అక్కా! మొదటి జీతంతో నాకు టేప్ రికార్డరు కొనిపెట్టాలి, ఇప్పుడే చెప్తున్నా," అన్నాడు. అప్పటికి వాడు నన్ను అక్కా అనేవాడు.

ఇక ఆ ఆదివారం. నూజివీడు హాల్లో ఆడవాళ్ళకి విడిగా బెంచీలు, విడిగా గేటు. సినిమా పేరు చెప్పను. చెల్లెలంటే ప్రాణం పెట్టే అన్న కథ అంటే చాలు, అప్పట్లో అలాంటివి ఏడాదికి నాలుగు వచ్చేవి. చెల్లెలు ఆఫీసులో చేరుతుంది, చేరిన పాపానికి కష్టాలు పడుతుంది, అన్న వచ్చి ఆఫీసు బల్ల తిరగేసి చెల్లెల్ని ఇంటికి తీసుకుపోతాడు. నేనూ ఏడ్చాను, కొంగు తడిసేలా ఏడ్చాను. గేటు దాటి శనగల పొట్లం కొనుక్కునేసరికి కొంగు ఆరిపోయింది. మగవాళ్ళ గేటులోంచి వచ్చిన తమ్ముడికి మాత్రం ఇంకా ఏమీ ఆరలేదు. కాలరు పైకి లేచింది. ఎడమ భుజం ఎత్తి నడుస్తున్నాడు. "పక్కగా నడువు చెల్లెమ్మా, బళ్ళొస్తాయి," అన్నాడు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. "ఒరేయ్, నీకు ఎక్కాలు నేర్పింది నేనురా," అన్నాను. వాడు నవ్వలేదు.

ఆ రోజుల్లో సినిమాలో మాటలన్నీ రికార్డుగా వచ్చేవి, పెళ్ళిళ్ళకీ పండగలకీ మైకులో పెట్టేవాళ్ళు. మైకుసెట్లు అద్దెకిచ్చే కొట్టు దగ్గర వాడు పొద్దంతా కూర్చుని ఆ రికార్డు కంఠతా పట్టాడు. అమ్మ అన్నానికి పిలిస్తే, "ముందు చెల్లెమ్మ తిన్నదా అమ్మా?" అనేవాడు. "అది ఎప్పుడో తిని చెయ్యి కడుక్కుంది, నువ్వు కూర్చోరా బడుద్ధాయ్," అనేది అమ్మ. మేమంతా నవ్వుకునేవాళ్ళం. వాడు టేప్ రికార్డరు మాట ఎత్తడం మానేశాడన్న సంగతి మాత్రం నేను గమనించలేదు.

జూన్ 2, గురువారం, ఉదయం ఎనిమిదింటికి సూపర్‌వైజరు జీపులో వచ్చాడు. అది మా చివరి రాశి. నేను ముప్పై ఒకటో వందలో ఉన్నాను. "ఏమంటారు బాబాయ్ గారూ, సోమవారం నుంచి పంపిస్తారా?" అన్నాడాయన. నాన్న కండువాతో మొహం తుడుచుకుని సరే అనబోయాడు. నా ఊహ కాదు, ఆ 'స' నా చెవిన పడింది. అప్పుడు తమ్ముడు లేచి, రాశికీ జీపుకీ మధ్య వచ్చి నిలబడ్డాడు.

"నా చెల్లెలు గడప దాటి సంపాదిస్తే, ఆ అన్నం నా గొంతు దిగదు." ఇక్కడ ఆగాడు. రికార్డులో ఎంతసేపు ఆగుతుందో అంతసేపు ఆగాడు. "నేను బతికుండగా ఆ బిడ్డ చేతికి మట్టి అంటకూడదు!"

అప్పటికి నా చేతులకి మోచేతుల దాకా సొన, మట్టి.

కూలీలంతా మైకులో ఆ మాటలు విన్నవాళ్ళే. చెట్టు మీంచి ఒకడు ఈల వేశాడు, కింద చప్పట్లు మోగాయి. నాన్న ఆ సినిమా చూడలేదు. పంతొమ్మిదేళ్ళ కొడుకు పదిమందిలో పెద్ద మాట అన్నాడనీ, పదిమందీ మెచ్చారనీ మాత్రమే ఆయనకి తెలిసింది. ఆయన కళ్ళు తడిశాయి. అది సినిమాలో మాట నాన్నా అని నేను ఒక్కసారి అంటే చాలు. కానీ నా లెక్క పన్నెండు మీద ఉంది. ఆ సూపర్‌వైజరు నన్ను కోరి వచ్చిందే నా లెక్క తప్పదని. ఆయన ఎదుటే లెక్క విడిచిపెడితే, ఆ కుర్చీకి నేను తగనని నేనే చెప్పినట్టు. పదమూడు, అన్నాను. పద్నాలుగు, అన్నాను. "అమ్మాయిని పంపటం లేదండీ, మావాడికి ఇష్టం లేదు," అని నాన్న అన్నప్పుడు పదిహేడు అన్నాను.

లెక్కలో ఉన్నప్పుడు నేను నోరు విప్పనని తమ్ముడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ముందురోజు ఇంట్లో అని ఉంటే పోట్లాడేదాన్ని, మర్నాడు అని ఉంటే అప్పటికే నాన్న మాట ఇచ్చి ఉండేవాడు. రాశి అయ్యేసరికి జీపు వెళ్ళిపోయింది, పదిమందిలో అన్న మాట నాన్న వెనక్కి తీసుకునే మనిషి కాదు. బావి దగ్గర తమ్ముణ్ణి పట్టుకున్నాను.

"ఎందుకు చేశావురా?"

"నీ మంచికే చెల్లెమ్మా."

"టేప్ రికార్డరు వద్దా?"

ఒక్క క్షణం వాడి మొహంలో పాత తమ్ముడు కనిపించాడు. అంతలోనే భుజం ఎత్తి వెళ్ళిపోయాడు. నా బదులు ఆ ఫ్యాక్టరీవాళ్ళు ఇద్దరిని పెట్టుకున్నారని తర్వాత విన్నాను. మరుసటి ఏడు నన్ను చింతలపూడి ఇచ్చారు. మా ఆయన మంచివాడే, ఆ కథ వేరు.

మొన్న టీవీ ముందు కూర్చుని ఆ మాట కోసం ఎదురుచూశాను. ఆఫీసు బల్ల తిరగబడింది. వెంటనే సబ్బు ప్రకటన, ఆ వెనకే పాట. ఆ మాట లేదు. తమ్ముడికి ఫోన్ చేసి అడిగాను. "నిడివి ఎక్కువైందని కోసేసుంటారు. ఇంతకీ ఏ డైలాగు చెల్లెమ్మా?" అన్నాడు. ఆగాల్సిన చోట ఆగి మరీ అప్పజెప్పాను. "బాగుందే! నాకస్సలు గుర్తు లేదు," అన్నాడు.

టీవీవాళ్ళు కోసింది ఒక నిమిషం, కాలం మా తమ్ముడి తలలోంచి కోసేసింది ఆ ఉదయం మొత్తం. నా దగ్గర మాత్రం లెక్క అలాగే ఉంది. ఆ రోజు రాశి మూడు వేల నాలుగు వందల అరవై కాయలు, అందులో ఒక్కటీ పోలేదు. పోయినవి, కాయ దిగే చోట ఒక కుర్చీ, సైకిలు వెనక చోటు, అక్కా అన్న పిలుపు.